దేనికీ అతకని ఎముకలు

డైరెక్టరు గదిలోంచి వదిన బయటికి వచ్చేసరికి మేస్త్రి నేలమీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. తలపైన మ్యూజియంవాళ్ల తిమింగలం అస్థిపంజరం. పక్కటెముకల వరస ఎక్కడైనా వంకరపోతే కింద నుంచి చూస్తేనే తెలుస్తుంది. ఒక కన్ను మూసి, బొటనవేలు అడ్డం పెట్టుకుని చూస్తున్నవాడికి ఆ వేలి పక్కనుంచి ఆమె పాదాలు కనిపించాయి. ఒట్టి పాదాలు. కొత్త రాయి పరిచాక పనివాళ్లంతా చెప్పులు బయటే విడవాలన్నారు. ఆఫీసువాళ్ల బూట్లకి ఆ నియమం లేదు.

“ఏమన్నారు వదినా?”

“రేపటి నుంచి రావద్దన్నారు.”

మేస్త్రి లేచి కూర్చున్నాడు. వీపుకంటిన సున్నప్పొడి దులుపుకోవడం కూడా మరిచిపోయాడు.

“నువ్వేమన్నావు?”

“పారేశానేమో అన్నాను.”

“పారేశానేమో ఏంటి? పారేశావా, లేదా?”

“నాకేం తెలుసు అబ్బాయ్! పెట్టెల్లోంచి గడ్డీ కాగితాలూ చెక్కముక్కలూ బుట్టలకి బుట్టలు ఎత్తిపోశాను. అందులో రెండు ఎముకలున్నాయా అంటే ఏం చెప్పను? లేవని ఒట్టు వెయ్యమన్నారు. చూడనిదానికి ఒట్టెలా వేస్తాను? వెయ్యకపోతే ఒప్పుకున్నట్టేనట.” చీరకొంగుతో మెడ తుడుచుకుంది. “చీపురు వాళ్లదేనట, ఇచ్చేసి పొమ్మన్నారు. మూల పెట్టాను. నువ్వు భోజనం చేశావా?”

మేస్త్రి డైరెక్టరు గదికి వెళ్లాడు. వెళ్లినవాడు గుమ్మం దాటలేదు. “సార్, అంత పెద్ద ఎముకలు చెత్తబుట్టలో ఎలా పడతాయి?” అని మాత్రం అడగగలిగాడు. డైరెక్టరు ఫోను చెవి దగ్గర పెట్టుకునే, “ఆవిడే ఒప్పుకుంది కదయ్యా, మధ్యలో నీకెందుకు? ప్రారంభోత్సవం దగ్గరకొచ్చింది, పని చూసుకో” అన్నాడు. మేస్త్రి వచ్చి పని చూసుకున్నాడు.

ఆ హాలంతా ఒక్క మాట చెప్పడానికి కట్టారు. తిమింగలం ఒకప్పుడు నేలమీద కాళ్లతో తిరిగిన జంతువు అన్నది ఆ మాట. గుమ్మం పక్కనే మేకపిల్లంత అస్థిపంజరం ఒకటి నిలబడి ఉంటుంది. నాలుగు కాళ్లు, కాళ్లకి చిన్న చిన్న గిట్టలు. దాని కాళ్ల ఎముకలు లోపల డొల్ల లేకుండా దిట్టంగా ఉంటాయి, నీళ్లలో తేలిపోకుండా అడుగున నడవడానికట. దాని తరవాత మొసలిలా మూతి సాగి, కాళ్లు పొట్టివైనది. దాని తరవాత కాళ్లు మరీ కుదించుకుపోయి తోక బలిసినది. అన్నీ కోట్ల ఏళ్లనాడు అంతరించినవి, ఇక్కడున్నవి వాటి ప్లాస్టర్ పోతలు. వాటన్నిటికీ ఇనుప ఊతాలు మేస్త్రి చేసినవే. ఆఖర్న, అసలు ఎముకలతో, కప్పు నుంచి వేలాడుతూ తిమింగలం.

ఎముకల సంగతులన్నీ చూసే మేడమ్ మొదట్లో పనివాళ్లని కూర్చోబెట్టి ఇదంతా చెప్పింది. ఆ గిట్టల జంతువు చెవి ఎముకకి ఒక పక్క గోడ లావుగా ఉంటుందనీ, అలాంటి చెవి తిమింగలాల జాతికే ఉంటుందనీ, అదే పట్టించిందనీ చెప్పింది. అంతా విని వడ్రంగి, “అయితే మేడమ్, మేకలు ఈతకెళ్లి మళ్లీ ఇంటికి రాలేదంటారు” అన్నాడు.

“మేక కాదండీ. మేకకీ దీనికీ పాతకాలపు చుట్టరికం, అంతే. ఇప్పుడు బతికున్నవాటిలో తిమింగలానికి దగ్గరి చుట్టం నీటిగుర్రం.”

“మొహాలు కలవడం లేదే!”

“చుట్టాలన్నాక మొహాలు కలవాలా?” అని మేస్త్రి అందుకున్నాడు. “నీకూ మీ బావమరిదికీ కలుస్తుందా?”

“వాడు నీటిగుర్రమే, అందులో అబద్ధం లేదు” అని వడ్రంగి ఒప్పుకున్నాడు. మేడమ్ కూడా నవ్వింది. తరవాత అసలు విషయం చెప్పింది. తిమింగలానికి వెనక కాళ్లు పోయాయి గానీ తుంటి ఎముకలు మాత్రం ఒంట్లో మిగిలిపోయాయి. అవి వెన్నుకి అతకవు, దేనికీ అతకవు. కండలో వేరుగా ఉంటాయి. కాళ్లుండేవనడానికి అవే సాక్ష్యం. పాత హాల్లో వాటిని ఎన్నడూ వేలాడదియ్యలేదు, బీరువాలో ఉండిపోయాయి. కొత్త హాల్లో వాటికి ప్రత్యేకంగా దీపం పెడుతున్నారు.

సామాను తరలించేటప్పుడు ఆ రెంటినీ బీరువాలోంచి తీసి తోక ఎముకల పెట్టెలో సర్దారట. మేస్త్రి తోక బిగించిన రోజుల్లో మేడమ్ తవ్వకాల మీద వేరే చోటికి వెళ్లింది. తిరిగొచ్చి చూస్తే దీపం ఒట్టి గాలి మీద వెలుగుతోంది. పెట్టెలన్నీ బోర్లించారు. ఆ పెట్టెల గడ్డి ఎత్తింది ఎవరు? ఊడ్చే ఆవిడ. ఇంకెవరినీ ఏమీ అడగలేదు.

ఇంటిదగ్గర మేస్త్రి భార్య ఊరుకోలేదు. వదినా ఆమే సొంత అక్కాచెల్లెళ్లు. అన్నదమ్ములిద్దరూ ఒకే ఇంటి పిల్లల్నే చేసుకున్నారు. అన్న పోయాక వదిన వీళ్లతోనే ఉంటోంది. ఆ పని ఇప్పించింది కూడా మేస్త్రే.

“మా అక్క దొంగా?”

“దొంగ అనలేదు. పారేసింది అన్నారు.”

“రెండో మాటకైతే జీతం ఇస్తారా?”

మేస్త్రి గోళ్లలో ఇరుక్కున్న లప్పం అగ్గిపుల్లతో తీసుకుంటున్నాడు. “అసలు పారెయ్యడం ఎలా కుదురుతుందే? నేను ఏనుగుని బిగించాను. దాని తుంటి చేటంత ఉంటుంది. ఇంత తిమింగలానికి తుంటి తలుపంత ఉండొద్దూ? తలుపుని బుట్టలో వేసుకుపోతారా ఎవరైనా?”

“తలుపంతదైతే నా నడుముకి తెలిసుండేది” అని వదిన నవ్వింది. తరవాత నవ్వు ఆపి, “ఏమో. ఒకటి తెల్లగా వంకరగా... చూసినట్టే ఉంది” అంది.

“మధ్యాహ్నం చూడలేదన్నావు!”

“అప్పుడు గుర్తు రాలేదు.”

“వాళ్లు అడిగినకొద్దీ నీకు గుర్తొస్తోంది వదినా. ఇంకోసారి అడిగితే ఎక్కడ పూడ్చిపెట్టావో కూడా చెప్పేస్తావు.”

ఆమె గిన్నెలు తోమింది. తోమిన గిన్నెనే మళ్లీ తోమింది. చేతిలో ఏముందో చూసి పారేసే మనిషినా, చూడకుండా పారేసే మనిషినా అని తనని తానే విచారిస్తున్నట్టు, ప్రతి గిన్నెనీ దీపం వైపు తిప్పి చూసి బోర్లిస్తోంది. చెల్లెలు రెండుసార్లు పిలిచినా వినిపించుకోలేదు.

మర్నాడు మేడమ్ ఒక అట్టపెట్టె తెచ్చి మేస్త్రి పనిబల్ల మీద పెట్టింది. పాత అచ్చులు దొరికాయట. వాటితో తుంటి ఎముకలకి ప్లాస్టర్ నకళ్లు పోయించింది. “ప్రస్తుతానికి ఇవి కట్టండి మేస్త్రిగారూ. అసలువి పోయాక ఇంకేం చేస్తాం” అంది. ఆమె కళ్లు ఉబ్బి ఉన్నాయి. నిజంగానే ఏడ్చినట్టుంది.

మేస్త్రి మూత తీశాడు. దూది మీద రెండున్నాయి. మూరెడు పొడుగు. మధ్యలో చిన్న వంపు, ఒక చివర మొద్దుగా, ఇంకో చివర అరిగిపోయిన కొడవలిలా సన్నగా.

“ఇవేంటి మేడమ్?”

“తుంటి ఎముకలు. ఇవే.”

“ఇంతేనా?”

“ఇంతే. పనిలేక తగ్గిపోతూ వచ్చాయి కదా.”

ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. మొద్దు చివర అరచేతిలో పెట్టుకోగానే సన్న చివర మణికట్టు దాటి సరిగ్గా ఎక్కడికొస్తుందో చేతికి ముందే తెలుసు. మనిషికింకా అర్థం కాలేదు గానీ చేతికి అర్థమైంది. నకలుని దూది మీద పెట్టేశాడు. “కడతాను మేడమ్” అన్నాడు.

పరంజా ఎక్కాడు. తోక దగ్గర వెన్నుపూసల కింద వరసగా పంగలు వేలాడుతుంటాయి. అవి చీలిన కర్రల్లాంటి ఎముకలు, పుస్తకాల్లో పేరేదో వేరే ఉంటుంది, పనివాళ్లు పంగలనే అంటారు. పాత హాల్లో ఉన్నప్పటి నుంచీ ఆ వరసలో మొదటి పంగ లేదు. దాని చోట ఖాళీ. ఈ జాతిలో మొదటి పంగ ఒక్కోసారి అతుక్కోకుండా రెండు ముక్కలుగానే ఉంటుందని, దీనిది ఎప్పుడో పోయిందని ఇదివరకు మేడమే చెప్పింది. తోక పెట్టె విప్పినప్పుడు అడుగున కాగితంలో రెండు వంపు ఎముకలు కనిపించేసరికి మేస్త్రికి ప్రాణం లేచొచ్చింది. దొరికింది! బీటైనా పడకుండా, అసలు ఎముకకి బెజ్జం వెయ్యడం తనకి అలవాటు లేదు గనక, తీగని ఉంగరంలా చుట్టి, కింద ఫెల్టు ముక్క పెట్టి, వెన్నుపూసల మధ్యనున్న చెక్కబిళ్లలకి పట్టించాడు. ఎవరికీ చెప్పలేదు. మేడమ్ వస్తుంది, తలెత్తి చూస్తుంది, ఖాళీ నిండిందని తనంతట తనే కనిపెడుతుంది, అప్పుడు చెప్పొచ్చు అనుకున్నాడు. ఆమె వచ్చింది. కింద నిలబడి తలెత్తి చూసింది. “తోక చాలా బాగా కుదిరింది మేస్త్రిగారూ” అంది. అంతే. పోనీలే అనుకున్నాడు. ఆ వెంటనే తుంటి ఎముకల గొడవ మొదలైంది.

ఇప్పుడు మొహానికి జానెడు దూరంలో ఉన్నాయి. తుంటి ఎముకలు. తను పంగ చేసి వేలాడదీసిన తుంటి ఎముకలు.

“మేడమ్, ఒకసారి ఇలా రండి” అని ఒక్క కేక వేస్తే సరిపోయేది. ఆమె ఇంకా గుమ్మం దగ్గరే ఉంది, గిట్టల జంతువు కాళ్ల దుమ్ము కుంచెతో తుడుస్తోంది. కానీ కింద వడ్రంగి ఉన్నాడు. రంగులవాళ్లున్నారు. ఇన్నేళ్ల మేస్త్రి తుంటిని తోకలో పెట్టాడని ఆ హాల్లో ఒక్క మనిషి నవ్వితే చాలు, ఆ నవ్వు తను రిటైరయ్యేదాకా ఆగదు. చెబుతాను, తప్పకుండా చెబుతాను, ముందు ఇది సరిచేసి చెబుతాను అనుకున్నాడు. తప్పుని చూపించడం వేరు, తప్పు జరిగిందని చెప్పడం వేరు. రెండోది ఎలాగో ఒకలా మింగొచ్చు.

తీగలు కత్తిరించాడు. రెండు ఎముకల్నీ తువ్వాల్లో చుట్టి నడుముకి కట్టుకున్నాడు. చెక్కబిళ్లల్లో మరలు పోయిన బెజ్జాలు కనిపిస్తున్నాయి. బెజ్జం కనిపిస్తే అతని చేతులు ఊరుకోవు. లప్పం పెట్టి, బొటనవేలితో అదిమి, గరుకు కాగితంతో రుద్ది, మీద కాస్త రంగు అద్దాడు. అయిదు వేళ్లతో తడిమినా అక్కడేదో ఉండేదని తెలియదు. తరవాత దీపం ఉన్న చోట ప్లాస్టర్ నకళ్లు కట్టాడు.

“ఇంకెంతసేపు మేస్త్రీ!” కింద నుంచి వడ్రంగి. “తిమింగలానికి స్నానం కూడా చేయిస్తున్నావా? ఈ పరంజా విప్పితే గానీ నేలకి పాలిష్ పట్టరట.”

దిగేసరికి మేడమ్ వెళ్లిపోయింది. డైరెక్టరు గది ముందు బంట్రోతు, “లోపల పెద్దవాళ్లున్నారు, రేపు రా” అన్నాడు. మేస్త్రి కాసేపు నిలబడ్డాడు. పనిబల్ల మీద పెట్టి వెళితే? మళ్లీ ఎవరైనా ఎత్తిపోస్తే? ఈ అనుమానం నిజమే. ఇంకో మాట కూడా నిజం. వదినకి చూపించాలని ఉంది. భోజనం సంచిలో పెట్టుకుని ఇంటికి తీసుకుపోయాడు.

వదిన తువ్వాలు మడతలు తనే విప్పింది. కాసేపు తాకలేదు.

“ఇవా?”

“ఇవే.”

“వీటికోసమా నన్ను నిలబెట్టారు!” ఒకదాన్ని రెండు చేతులతో ఎత్తింది. బరువు చూసింది. తిప్పింది. “నేను చూడలేదు అబ్బాయ్. ఇది నేనెప్పుడూ చూడలేదు. ఇది నా చేతిలో పడుంటే నాకు తెలిసేది.” దాన్ని మళ్లీ తువ్వాలు మీద పెట్టింది. “పారెయ్యలేదు. నేను పారెయ్యలేదు.”

“చెప్తున్నాను కదా. నేనే తప్పు చోట పెట్టాను.”

“నువ్వు పెట్టావో దేవుడు పెట్టాడో. నేను పారెయ్యలేదు, అంతే.” చెల్లెలి వైపు తిరిగి, “నా నీలం చీర ఎక్కడ పెట్టావే? రేపటికి ఉతుక్కోవాలి” అంది. డ్యూటీ చీర అది.

మేస్త్రి భార్య ఎముకల్ని దీపం కింద చూస్తూ, “ఇవి దాని కాళ్లా?” అనడిగింది.

“కాళ్లు పోగా మిగిలినవి.”

“వీటితో ఏం చేస్తుంది మరి?”

“ఏమో. నడకతో దానికిప్పుడు పనిలేదు.”

పొద్దున్నే ఇద్దరూ కలిసి వెళ్లారు. వదిన నీలం చీరలో డైరెక్టరు గది బయట బల్ల మీద కూర్చుంది. మేస్త్రి లోపలికి వెళ్లి, తువ్వాలు విప్పి, ఎముకల్ని టేబులు మీద పెట్టాడు. డైరెక్టరు మొహం విప్పారింది. మేడమ్‌ని పిలిపించాడు. ఆమె గుమ్మంలోంచే చూసి, “ఇవే” అంటూ పరుగున వచ్చి రెంటినీ చేతుల్లోకి తీసుకుంది. పసిపిల్లని తీసుకున్నట్టు తీసుకుంది.

మేస్త్రి చెప్పాడు. మొదటి పంగ ఖాళీ, పెట్టె అడుగు, కాగితం, ఉంగరం తీగ, అన్నీ చెప్పాడు. చెబుతున్నప్పుడు తన చేతుల్నే చూసుకుంటూ చెప్పాడు. ముగించాక తలెత్తాడు. మేడమ్ మొహంలో ఇందాకటి వెలుగు లేదు.

“తోకలోనా?”

“అవును మేడమ్.”

ముగ్గురూ హాల్లోకి వెళ్లి తలెత్తి చూశారు. పంగల వరసకి ముందు నున్నటి ఖాళీ. నేలంతా అద్దంలా ఉంది.

“ఏదయ్యా, కట్టిన గుర్తేదీ?” డైరెక్టరు అడిగాడు.

“బెజ్జాలు పూడ్చేశాను సార్.”

“తీగలు?”

“కింద పడేశాను. చెత్తలో పోయుంటాయి.”

“బాగుంది.”

“ఫోటోలు తీశారు కదా సార్...”

తీసినవన్నీ తలవైపు నుంచే. పత్రికలవాళ్లకి దవడ కావాలి, తోక ఎవరిక్కావాలి! ఉన్న ఒక్కదాంట్లో తోక చీకట్లో కలిసిపోయింది.

మేడమ్ ఇంకా పైకే చూస్తోంది. “నేను వచ్చిన రోజే ఇక్కడ నిలబడి తోకంతా చూశాను” అంది మెల్లగా. “ఈ ఎముకల మీద ఇన్నేళ్లు పనిచేశాను. అక్కడుంటే నేను గుర్తుపట్టనా మేస్త్రిగారూ?”

ఆమె అబద్ధం ఆడటం లేదు. ఆ ప్రశ్నకి కాదనే జవాబు రాకూడదని కోరుకుంటోంది, అంతే. మేస్త్రికి అది అర్థమైంది. నిన్న పరంజా మీద తను కోరుకున్నదీ అదే.

“గుర్తుపట్టలేదు మేడమ్” అన్నాడు.

ఆమె ఎముకల్ని గుండెకి దగ్గరగా పట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

డైరెక్టరు అతని భుజం మీద చెయ్యి వేశాడు. ఎప్పుడూ వెయ్యలేదు. “తువ్వాలు ఎవరిది?”

“మాదే సార్.”

“ఇంటి నుంచి తెచ్చావు. సంచిలో. ఆవిడ ఉండేదీ మీ ఇంట్లోనే.”

“సార్, నేను...”

“నువ్వు మంచి పని చేశావయ్యా. ఇంటి మనిషని చూడకుండా తెచ్చిచ్చావు. మిగతా కథలెందుకు? పోలీసులకి చెబుదామనుకున్నాం, ఇక చెప్పంలే. ఎందుకు తీసిందో కూడా అడగను. నీ పనికేం ఢోకా లేదు. ఆ ప్లాస్టర్‌వి తీసి ఇవి కట్టెయ్, సాయంత్రం పెద్దవాళ్లు వస్తారు.”

నిన్నటిదాకా పారేసిన మనిషి. ఇప్పుడు ఎత్తుకుపోయిన మనిషి. ఈ మార్పుకి సాక్ష్యం తెచ్చింది తనే. తువ్వాల్లో చుట్టి, సంచిలో పెట్టి, నలుగురూ చూస్తుండగా గేట్లోంచి తెచ్చాడు.

నిచ్చెన వేసి కట్టాడు. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. ఈసారి సరైన చోటే. దీపం వాటి మీద పడింది. వెన్నుకి దూరంగా, గాలిలో, నిజంగానే దేనికీ అతక్కుండా వేలాడుతున్నాయి. చాలా బాగున్నాయి. మళ్లీ చూడకుండా నిచ్చెన దిగాడు.

బయటికొచ్చి వదినకి చెప్పాడు. ఆమె బల్ల మీంచి లేచి నడిచింది. రోడ్డు మీదికి వచ్చాక అడిగింది.

“పైన ఉన్నప్పుడే పిలిచి చూపించాల్సింది కదా అబ్బాయ్. ఎందుకు తీశావు?”

“తప్పు చోట ఉన్నాయి వదినా.”

“ఉంటే?”

“తప్పుగా కనిపిస్తుంటే నా చేతులు ఊరుకోవు.”

ఆమె ఆగి అతని చేతుల వైపు చూసింది. కోపంగా కాదు. రోజూ చూసే వస్తువు ధర ఇంతా అని ఇవాళే తెలిసినట్టు చూసింది.

“నన్ను వెళ్లగొట్టిన రోజు ఊరుకున్నాయి కదా” అంది.

ఇంటికి పోయే దారిలో కొత్తగా తెరిచిన ఆసుపత్రి ఉంది. అద్దాల తలుపు మీద పనిమనుషులు కావాలన్న కాగితం. వదిన చీర సర్దుకుంది. మేస్త్రి కూడా మెట్టెక్కబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

“నువ్విక్కడే ఉండు. నువ్వొస్తే ఏదో ఒకటి సరిచేస్తావు.”

రోడ్డు మీద నిలబడ్డాడు. అద్దం వెనక ఒకతను బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. వదిన నిలబడి మాట్లాడుతోంది. అతను ఏదో అడిగాడు. ఆమె జవాబు చెప్పింది. మళ్లీ అడిగాడు. పాత పని ఎందుకు పోయిందని అడిగుంటాడు. ఎవరైనా అడిగేదే. ఇంటి దగ్గర కష్టమనో, దూరమనో ఏదో ఒకటి చెప్పెయ్ వదినా అని మేస్త్రి పెదాలు కదిలాయి.

ఆమె రెండు చేతులూ ఎత్తింది. అరచేతులు ఎదురెదురుగా పెట్టి, మధ్యలో మూరెడు ఎడం ఉంచి, ఇంతే ఉంటాయండీ అని అతనికి కొలత చూపిస్తోంది.

అతను కాగితం మీద ఏమీ రాయకుండానే పెన్ను మూత పెట్టాడు. ఆమె చేతులు ఇంకా అలాగే గాలిలో ఉన్నాయి.